టైటిల్ తెగిపోయిన రీలు ఏ కాలానిది?

అమెరికా స్కూళ్లలో మర్యాదలు నేర్పడానికి వేసిన పాత 16 ఎంఎం రీలు దొరికింది, టైటిల్ ముక్క లేదు, ఏ ఏడాదిదో ఎలా తెలుస్తుంది అని అడిగారు కదా. ప్రొజెక్టర్‌లో అప్పుడే పెట్టకండి. ఫిల్మ్ అంచును వెలుతురుకు ఎదురుగా పట్టుకుని భూతద్దంతో చూడండి. కొడాక్ ఫిల్మ్ అయితే చతురస్రం, వృత్తం, త్రిభుజం లాంటి బుల్లి గుర్తులుంటాయి. అవి ముడి ఫిల్మ్ తయారైన ఏడాదిని చెబుతాయి, సినిమా తీసిన ఏడాదిని కాదు. ఇంకో తిరకాసు, అవే గుర్తులు 20 ఏళ్లకోసారి మళ్లీ వస్తాయి. 1942దే 1962లోనూ. అక్కడ తెరమీది కార్లు, జుట్టు దువ్విన తీరే దిక్కు (నాకైతే ఈ పని భలే సరదా). కథ గుర్తుపట్టడానికి ఇంటర్నెట్ ఆర్కైవ్ (archive.org) అనే ఉచిత వెబ్‌సైట్‌లో, ఇలాంటి పాత విద్యా చిత్రాలుండే ప్రెలింగర్ సేకరణ వెతకండి. రీలు వెనిగర్ వాసన కొడితే ఫిల్మ్ పాడవుతున్నట్టే, మిగతా రీళ్లకు దూరంగా, చల్లని చోట పెట్టండి.