బెంగళూరు బయల్దేరే ముందు

అమ్మణ్ణీ,

నలభై రోజులు నిండగానే పాపను తీసుకుని బెంగళూరు పోతున్నారనీ, తోడు ఎవరూ వద్దన్నావనీ మీ అమ్మ నిన్న ఫోన్లో చెప్పింది. మీ బిడ్డను మీరే పెంచుకుంటామన్నందుకు గర్వంగా ఉంది. భయంగానూ ఉంది. రాత్రి నిద్ర పట్టలేదు.

కంట్లో కాటుక వద్దు, చెవిలో నూనె వద్దు, ఎవరు చెప్పినా సరే. పాపకిప్పుడు 20, 30 సెంటీమీటర్ల దూరంలో ఉన్నదే కాస్త తేటగా కనిపిస్తుంది. పాలిచ్చేటప్పుడు నీ ముఖం ఉండేది అంత దూరంలోనే. ఆ కాసేపైనా ఫోన్ పక్కన పెట్టు తల్లీ. అప్పుడప్పుడూ మెల్లకన్ను పడినట్టుంటే కంగారు పడకు, 4 నెలలు దాటినా పోకపోతే చూపించు.

నా బెంగంతా చెవుల గురించే.

మావాడు, అదే మీ అన్న, పుట్టినప్పుడు కావలిలో రైలుపట్టాల పక్కనే ఉండేవాళ్లం. మద్రాసు బండి కూత వేసుకుంటూ పోయినా వాడు నిద్ర లేచేవాడు కాదు. ఎంత నెమ్మదైన బిడ్డో అని వీధంతా చెప్పుకుని మురిసిపోయాను. ఊఁ కొట్టేవాడు, నవ్వేవాడు. వినపడని బిడ్డలూ మొదట్లో అలాగే ఊఁ కొడతారని నాకు తెలియదు. ఏడెనిమిది నెలలకు ఆ శబ్దాలు తగ్గిపోయాయి. అనుమానమొచ్చి వెనక నిలబడి స్టీలు పళ్లెం మీద గరిటెతో కొట్టాను. తిరిగి చూశాడు! దేవుడికి దణ్ణం పెట్టుకుని ఊరుకున్నాను. మగపిల్లలకు మాటలు ఆలస్యమేలే అని పెద్దవాళ్లంటే నమ్మాను. నమ్మాలనే ఉండింది నాకు.

వాడికి వినపడదని రెండేళ్లు దాటాక పరీక్షలో తేలింది. ఇంటికొచ్చి మళ్లీ పళ్లెం కొట్టాను, ఈసారి గోడ మీద నా నీడ పడకుండా నిలబడి. వాడు తిరగలేదు.

చెవికి వినికిడి మిషన్ పెట్టించిన సాయంత్రం బండి పోతుంటే జడుసుకుని నా కొంగులో దూరాడు. వాడి ఏడుపు విని నేనూ ఏడ్చాను. ఇప్పుడు నీతో గంటలు గంటలు ఫోన్లో మాట్లాడుతున్నాడు, నిజమే. కానీ నేను పాడిన జోలపాటలు ఒక్కటీ వాడికి అందలేదు.

పాపకు చెవి పరీక్ష ఆస్పత్రిలోనే చేశారా? అడుగు. చేయకపోతే నెల నిండేలోపు చేయించు. నిద్రలో ఉండగానే చెవిలో చిన్న పరికరం పెట్టి నిమిషాల్లో చేస్తారు, నొప్పి ఉండదు. మొదటిసారి సరిగా రాకపోతే టెన్షన్ పడకు, చెవిలో నీరున్నా అలా వస్తుంది. రెండోసారి మాత్రం మానొద్దు. లోపం ఉంటే 3 నెలల్లోపు తేలాలి, 6 నెలల్లోపు వైద్యం మొదలవ్వాలి. ఇప్పుడు బాగుందన్నా, తొమ్మిది నెలలకు పేరు పెట్టి పిలిస్తే తిరగకపోతే మళ్లీ చూపించు. పళ్లెం కొట్టి చూసి తృప్తి పడొద్దు.

గట్టిగా చెప్పానని బాధపడకు. కడుపులో ఉన్నప్పటి నుంచీ పాప వింటున్నది నీ గొంతే. నీళ్లు పోసేటప్పుడు, పక్కబట్టలు మార్చేటప్పుడు మాట్లాడుతూనే ఉండు.

పరీక్ష ఏ రోజో చెప్పు. ముందురోజే ఒంగోలులో మీ దగ్గరికి వచ్చేస్తాను. పాపను నేనెత్తుకుంటాను.

మీ పెద్దమ్మ