గ్లాసులో మొరాకో

ప్రశ్న: మేము కొందరు స్నేహితురాళ్ళం నెలకొకసారి ఒకరి ఇంట్లో కలుసుకుని, ఒక్కో దేశపు టీ తాగుతూ ఆ దేశం గురించి మాట్లాడుకుంటున్నాం. ఈసారి మొరాకో వంతు. పుదీనా కలిపిన గ్రీన్ టీ ప్యాకెట్ తెచ్చి, మన టీ లాగే మరిగించి వడకడితే నోట పెట్టలేనంత చేదుగా వచ్చింది. ఎలా కాచుకోవాలి? ఆ టీకీ ఆ దేశ చరిత్రకూ సంబంధం ఏమిటి?
– ఒక పాఠకురాలు, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: పాలు పోసి మరిగించే మన పద్ధతి గ్రీన్ టీకి పనికిరాదు. మొరాకోలో వాడేది చిన్న చిన్న ఉండలుగా చుట్టిన చైనా గ్రీన్ టీ, దానిని గన్‌పౌడర్ టీ అంటారు. ఆ ఆకుపై కొద్దిగా వేడినీళ్ళు పోసి, ఒక నిమిషం ఆగి, కదపకుండా ఆ నీటిని ఒక గ్లాసులోకి వంచి పక్కన పెడతారు. మళ్ళీ కాసిని నీళ్ళు పోసి, కూజాను బాగా తిప్పి, ఈసారి వచ్చిన మురికి నీటిని పారబోస్తారు. చేదులో చాలా భాగం దానితోనే పోతుంది. తరువాత దాచిన నీటిని తిరిగి పోసి, నిండా వేడినీళ్ళు, చక్కెర, కాడలతో సహా పచ్చి పుదీనా వేసి మూత పెడతారు. గరిటె వాడరు, ఒక గ్లాసు నింపి దానిని మళ్ళీ కూజాలోకే పోస్తూ రెండు మూడు సార్లు కలుపుతారు. చివరకు ఎత్తు నుంచి సన్నని ధారగా పోస్తే గ్లాసులో నురగ నిలవాలి. మన టీ బడ్డీల వారికి ఈ విద్య కొత్తేమీ కాదు. మీ ప్యాకెట్‌లో పుదీనా ముందే కలిసి ఉంది కనుక, కడిగితే దాని వాసన కూడా పోతుంది; విడి ఆకు కొని, రైతుబజారు పుదీనా వేసుకోవడమే మేలు.

ఇక చరిత్ర. 18వ శతాబ్దంలో టీ సుల్తానుల కొలువుకు చేరిన ఖరీదైన వస్తువు మాత్రమే. 1853లో మొదలైన క్రిమియా యుద్ధంలో బ్రిటన్ రష్యాతో తలపడటంతో, బాల్టిక్ తీరంలో తమ సరుకు అమ్ముడుపోక, బ్రిటిష్ వర్తకులు టీని మొరాకోలోని టాంజియర్, మొగడోర్ (నేటి ఎస్సవీరా) రేవులకు మళ్ళించిన తరువాతే అది సామాన్యుల ఇళ్ళకు పాకింది. చక్కెర కథ ఇంకా చిత్రమైనది. 16వ శతాబ్దంలో మొరాకోను ఏలిన సాదీ వంశపు సుల్తానులు చెరకు పండించి, చక్కెర ఇచ్చి, మర్రాకేష్‌లోని ఎల్ బాదీ రాజప్రాసాదానికి ఇటలీ పాలరాయి తెప్పించుకున్నారు. అదే దేశం 19వ శతాబ్దానికి చక్కెరను ఐరోపా నుంచి కొనుక్కునే స్థితికి వచ్చింది. అంటే, ఆనాటి ఆ గ్లాసులో పుదీనా ఒక్కటే సొంత నేల పంట. నా మట్టుకు, 1912లో ఫ్రెంచి పాలన వచ్చిన తీరు కన్నా ముందు మీరు మాట్లాడుకోవలసింది ఈ వ్యాపారం గురించే.

అక్కడ అతిథికి టీ ఇవ్వడం మర్యాద, వద్దనడం అమర్యాద. చలికాలంలో మంచి పుదీనా దొరకనప్పుడు షీబా అనే చేదు ఆకు వేస్తారు. అది మన మాచిపత్రి జాతిదే గాని, రెండూ ఒకే మొక్క కావు. కనుక వినాయక చవితి పత్రిలో నుంచి తీసి మీ కూజాలో వేయకండి.