పేషెంటు పక్కన కూర్చున్నవారి సంగతి

నర్సింగ్ కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైన టీచరమ్మ పాఠకుల ప్రశ్నలకు ఇస్తున్న జవాబులు. ఈసారి ఉత్తరాలు ఎక్కువగా ఫ్యామిలీ నర్సింగ్ గురించే, అంటే పేషెంటుతో పాటు కుటుంబాన్నీ పట్టించుకునే నర్సింగ్ గురించి.

ప్రశ్న: మేడమ్, నేను మెడికల్ వార్డులో స్టాఫ్ నర్సును. ఈమధ్య ట్రైనింగులో "పేషెంటుతో పాటు కుటుంబాన్నీ చూసుకోవాలి" అని చెప్పి పంపారు. నైట్ డ్యూటీలో ఉండేది ఇద్దరం. మందులు, ఐవీలు, చార్టింగ్‌తోనే తెల్లారిపోతుంది. ఇంకా కుటుంబంతో కూర్చుని కబుర్లు చెప్పే టైమెక్కడిది?

జవాబు: కబుర్లు చెప్పమని ఎవరన్నారమ్మా! మీ కోపం న్యాయమైనదే. ట్రైనింగ్ ఇచ్చినవాళ్లు మీ డ్యూటీ చార్టు వంక చూసి ఉండరు. నర్సుకు టైముండదని తెలిసినవాళ్లు మాత్రం ఈ రంగంలో ఉన్నారు. కెనడాలోని కాల్గరీలో ఫ్యామిలీ నర్సింగ్‌కు ఒక పద్ధతి ఏర్పరిచిన లొరైన్ రైట్, మౌరీన్ లేహీ ఇద్దరూ 1999లో 15 నిమిషాల్లో, కుదిరితే అంతకన్నా తక్కువలో, ముగించే ఇంటర్వ్యూ ఎలా ఉంటుందో రాసి చూపించారు. మొదటి మెట్టు మర్యాద. మీ పేరు చెప్పడం, పక్కనున్నవారి పేరు అడగడం. "ఏయ్ అటెండెంట్, ఫైలు పట్టుకురా" అనే గొంతు వార్డుల్లో ఎంత వింటామో మీకు నేను చెప్పాలా?

ఆ తర్వాతది నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని, జెనోగ్రామ్ గీయడం, అంటే ఇంట్లో ఎవరెవరున్నారో, ఎవరికెవరు ఏమవుతారో చూపే బొమ్మ. కాగితం మీద మగవాళ్లకు చదరం, ఆడవాళ్లకు సున్నా, పోయినవాళ్ల మీద ఇంటూ గుర్తు. పెళ్లయితే అడ్డగీత, పిల్లలకు కింద నిలువు గీతలు. ఒకసారి మా స్టూడెంటు గుండె జబ్బుతో మళ్లీ మళ్లీ అడ్మిట్ అవుతున్న పెద్దాయన మంచం దగ్గర ఇది గీసింది. ప్రతిసారీ డిశ్చార్జి రోజున మందుల సంగతి ఆయన భార్యకు చెప్పి పంపేవారు. ఆమె బుద్ధిగా తలూపేది. బొమ్మలో మనవరాలి సున్నా దగ్గరకు వచ్చేసరికి "మాత్రలు తీసిచ్చేది ఇదేనమ్మా, నాకు చీటీ చదవడం రాదు" అంది ఆమె. ఎనిమిదో తరగతి పిల్ల! ఉప్పు తగ్గించడం, రోజూ బరువు చూడటం, ఒళ్లు నీరు పడితే ఫోన్ చేయడం, ఒక్కటీ ఆ పిల్ల చెవిన పడలేదు. అది బయటపడటానికి పట్టింది ఒక కాగితం, కాసేపు ఓపిక.

అంతకూడా కుదరని రాత్రి ఒక్క ప్రశ్నే అడగండి: "మీరిక్కడ ఉన్నన్నాళ్లలో ఒకే ఒక్క ప్రశ్నకు జవాబు దొరుకుతుందంటే, ఏది అడుగుతారు?" ఇదీ ఆ లొరైన్ రైట్ చెప్పిందే. భర్త ఒకటి చెప్తాడు, భార్య ఇంకొకటి. ఎవరి భయం ఏమిటో మీకు తెలిసిపోతుంది. వెళ్లేముందు వాళ్లలో మీకు కనబడిన మంచి ఒకటి చెప్పండి. ముఖస్తుతి వద్దు, కళ్లారా చూసిందే చెప్పండి. "మూడు రాత్రులుగా ఆయన్ను పక్కకు తిప్పుతూనే ఉన్నారు, అందుకే వీపు మీద పుండు పడలేదు" లాంటిది.

ఒక హెచ్చరిక. నర్సుల్ని తగ్గించి, బెడ్‌పాన్ కొడుకు చేత పెట్టించి, దానికి ఫ్యామిలీ నర్సింగ్ అని పేరు పెడితే నేనొప్పుకోను. రాత్రికి ఇద్దరే అన్నది మీ మర్యాద తీర్చే సమస్య కాదు. అది పైవాళ్లను అడగాల్సిందే.

ప్రశ్న: అమ్మా, మా నాన్నగారికి గుండె ఆగినప్పుడు మమ్మల్ని బయటికి పంపి తలుపేశారు. తలుపు తీసేసరికి ఆయన లేరు. ఎక్కడైనా ఇంతేనా?

జవాబు: లేదు బాబూ. అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలోని ఫుట్ ఆస్పత్రిలో 1982లోనే, బయటికి వెళ్లేది లేదని కుటుంబాలు పట్టుబట్టిన సందర్భాల తర్వాత, దగ్గరివాళ్లను లోపల ఉండనివ్వడం మొదలుపెట్టారు. వాళ్లు అడ్డం పడతారని, తట్టుకోలేరని అభ్యంతరాలు వచ్చాయి. 2013లో ఫ్రాన్స్‌లో 570 మంది బంధువులతో చేసిన అధ్యయనం అచ్చయింది. ఇళ్ల దగ్గర గుండె ఆగినవారికి సీపీఆర్ (ఛాతీ నొక్కుతూ బతికించే ప్రయత్నం) చేస్తుండగా, కొందరు బంధువులను "ఉంటారా?" అని పద్ధతి ప్రకారం అడిగారు, మిగతావారి విషయంలో ఎప్పటిలా చేశారు. 90 రోజుల తర్వాత చూస్తే, అడగబడినవారిలో ఆ ఘటన తాలూకు మానసిక గాయం లక్షణాలు తక్కువ. వైద్యానికి అడ్డం రాలేదు, బతికే అవకాశం తగ్గలేదు, సిబ్బంది మీద ఒత్తిడీ పెరగలేదు.

నా దృష్టిలో ఇక్కడ కీలకం అడగడం. ఉండమని బలవంతపెట్టకూడదు, పొమ్మని నెట్టకూడదు. ఉంటానన్నవారి పక్కన ఏం జరుగుతోందో చెప్పే మనిషి ఒకరు నిలబడాలి. మీకు ఆ తలుపు గురించి ఇంకా మనసులో ఉంటే, ఆ రోజు లోపల ఏమేం చేశారో చెప్పమని ఆస్పత్రిని అడగండి. ఇప్పుడడిగినా తప్పులేదు.

ప్రశ్న: పేషెంటుకు నా అన్నవాళ్లు లేరు. రోజూ వచ్చేది ఒక స్నేహితుడే. ఆయన్ను కుటుంబమని రాయొచ్చా?

జవాబు: పేషెంటు అవునంటే అవును. ఎవరిని తమవాళ్లని చెప్తే వాళ్లే కుటుంబం అన్నదే ఫ్యామిలీ నర్సింగ్‌లో మొదటి పాఠం. సంతకాల దగ్గర చట్టం ఏమంటుందో వేరే సంగతి, అది విడిగా కనుక్కోండి.

ప్రశ్న: ఎమ్మెస్సీ నర్సింగ్ చదువుతున్నాను. కుటుంబాల పట్ల నర్సుల వైఖరి మీద థీసిస్ చేద్దామని ఉంది. సలహా ఇవ్వండి మేడమ్.

జవాబు: అమ్మాయ్, నువ్వు వాడదామనుకునేది స్వీడన్‌లో తయారైన ఆ ప్రశ్నావళే కదూ? 26 వాక్యాలు, కుటుంబం తోడా బరువా అని నర్సును అడిగేది. మంచిదే, అందుకే దేశదేశాల్లో వాడేశారు. నర్సులు "కుటుంబం ముఖ్యం" అనే టిక్కు పెడతారు. టిక్కు పెట్టిన చెయ్యే విజిటింగ్ అవర్స్ అయ్యాయని గంట కొడుతుంది! వైఖరి కొలవడం దగ్గరే ఆగిపోతే మంచం పక్కనున్న మనిషికి ఒరిగేదేమిటో నాకర్థం కాదు.

ఐస్‌లాండ్‌లో ఎర్లా స్వావర్స్‌దోత్తిర్ బృందం ఏం చేసిందో చూడు. రేక్యావిక్‌లోని యూనివర్సిటీ ఆస్పత్రిలో 2007 నుంచి 2011 దాకా విభాగం తర్వాత విభాగంగా నర్సులకు ఫ్యామిలీ నర్సింగ్ నేర్పించి, చిన్న చిన్న సంభాషణల తర్వాత కుటుంబాలనే అడిగారు, మీకు ఆసరా దొరికిందా అని. నువ్వూ అలా ఒకే వార్డు తీసుకో. కొన్ని కుటుంబాలతో నర్సు 15 నిమిషాలు మాట్లాడాలి. డిశ్చార్జికి ముందు, నెల తర్వాత వాళ్లను కలువు. ఒక ఇంట్లో ఒక్కరినే అడిగి "కుటుంబం ఇలా అంది" అని రాయకు. భర్తను విడిగా, భార్యను విడిగా, ఆపైన ఇద్దర్నీ కలిపి అడుగు. ఆయన "అంతా బాగానే ఉంది" అని, ఆవిడ "నిద్రపోయి నెలయింది" అంటే, ఆ తేడాయే నీ డేటా.

చదవడానికి 1995 నుంచి ఈ రంగానికంటూ ఒక జర్నల్ ఉంది, అక్కడ మొదలుపెట్టు. 2009లో ఏర్పడిన అంతర్జాతీయ ఫ్యామిలీ నర్సింగ్ సంఘం మామూలు నర్సుకు ఏమేం రావాలో 2015లో, పైస్థాయి ప్రాక్టీసుకు ఏం కావాలో 2017లో రాసిపెట్టింది. మీ గైడ్ "ఇది పెద్ద పని" అంటే కుటుంబాల సంఖ్య తగ్గించు, ఇద్దర్నీ అడగడం మాత్రం మానకు.