సెకండ్ హ్యాండ్ కారు నడుస్తూ నడుస్తూ ఆగిపోతోంది, డీలర్ మీద కేసు వేయొచ్చా?

గుంటూరు నుంచి ఒక రిటైర్డ్ టీచర్ గారి ప్రశ్న. 2025 మార్చిలో విజయవాడలో ఒక సెకండ్ హ్యాండ్ కార్ల డీలర్ దగ్గర 2013 మోడల్ డీజిల్ కారు 3 లక్షల 40 వేలకి కొన్నారు. మొదటి నాలుగైదు నెలలు బానే నడిచింది. తర్వాత నుంచి హైవే మీద ఉన్నట్టుండి ఇంజిన్ ఆగిపోవడం, డాష్‌బోర్డు లైట్లు మిణుకుమిణుకుమనడం, పవర్ విండోలు పనిచేయకపోవడం. కాజ టోల్‌గేట్ దగ్గర ఆగితే వెనక లారీ కొద్దిలో తప్పిందట. అరగంట ఆగితే మళ్లీ స్టార్ట్ అవుద్ది, మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే అసలు ఆగదు. బ్యాటరీ మార్చారు, ఆల్టర్నేటర్ మార్చారు, ఫ్యూయల్ పంప్ మార్చారు, డబ్బులు పోయాయి గానీ జబ్బు పోలేదు. డీలర్ ఏమో "ఉన్నది ఉన్నట్టు కొన్నాను, తర్వాత ఎవరికీ బాధ్యత లేదు" అని స్టాంప్ పేపర్ మీద సంతకం పెట్టించుకున్నాడు. డీలర్ మీద వేయాలా, మెకానిక్ మీద వేయాలా, అసలు కేసు నిలబడుద్దా అని అడిగారు.

మాస్టారూ, ముందు ఒక మాట. ఈ సంగతి తేలేదాకా ఆ బండి హైవే ఎక్కించకండి. ఇంజిన్ ఆగితే బ్రేక్ గట్టిపడుద్ది, స్టీరింగ్ బరువెక్కుద్ది, వారధి మీదో కాజ దగ్గరో అలా జరిగితే కేసు గురించి మాట్లాడుకునే పరిస్థితి ఉండదు. కోర్టులో కూడా "అంత ప్రమాదం అని తెలిసీ ఎందుకు నడిపారు" అని అవతలి లాయర్ అడుగుతాడు.

కేసు నిలబడుద్ది. కానీ ఇప్పుడున్న కాగితాలతో నిలబడదు. లోపం ఉందని చూపించాల్సిన భారం ఫిర్యాదు చేసినవాళ్లదే, సుప్రీంకోర్టు 2021లో కూడా ఇదే మాట చెప్పింది. మీ చేతిలో ఉన్నవన్నీ పార్టులు మార్చిన బిల్లులే, అసలు లోపం ఏంటో చెప్పే కాగితం ఒక్కటీ లేదు. డీలర్ తరఫున వాదించేది నేనైతే ఆ బిల్లులే చూపించి "మూడు పార్టులు మార్చినా పోలేదంటే మీ మెకానిక్కే వైరింగ్ కెలికి పాడుచేశాడు" అంటాను. అందుకే ఇక మీదట ఒక్క స్క్రూ కూడా విప్పించకండి, రిపోర్ట్ చేతికొచ్చాకే రిపేర్. తీసేసిన పాత పార్టులు మెకానిక్ దగ్గర ఇంకా ఉంటే ఇవాళే వెళ్లి తెచ్చుకుని దాచిపెట్టండి.

రిపోర్ట్ అంటే "బండి అప్పుడప్పుడు ఆగుతోంది" అని లెటర్‌హెడ్ మీద రాసిచ్చే కాగితం కాదండీ, అది ఎందుకూ పనికిరాదు. ఆటోనగర్‌లో స్కానర్, మల్టీమీటర్ వాడే మంచి ఆటో ఎలక్ట్రీషియన్ని పట్టుకోండి. బ్యాటరీ టెర్మినల్ పీకకముందే స్కాన్ చేయించండి, పీకితే మెమరీలో ఉన్న కోడ్‌లు చెరిగిపోవచ్చు. ఆగిపోయేముందు ఆర్‌పీఎమ్ ముల్లు ఒక్కసారిగా జీరోకి పడి మిగతా లైట్లన్నీ మామూలుగా ఉంటే క్రాంక్ సెన్సర్ (ఇంజిన్ తిరుగుతోందని కంప్యూటర్‌కి చెప్పే సెన్సర్) మీద అనుమానం, అది వేడెక్కినప్పుడు సిగ్నల్ ఆపేసి చల్లారాక మళ్లీ ఇస్తుంది, మీ అరగంట కథ దానికి సరిపోద్ది, స్కానర్‌లో పీ0335 లాంటి కోడ్ కనపడొచ్చు. అలా కాకుండా డాష్‌బోర్డు మొత్తం ఆరిపోతుంటే ఇగ్నిషన్ స్విచ్, మెయిన్ రిలే, ఎర్త్ వైర్ (బ్యాటరీ నెగటివ్‌ని బాడీకీ ఇంజిన్‌కీ కలిపే వైరు) ఇవి చూడాలి. మీ లైట్లు మిణుకుమంటున్నాయి, పవర్ విండోలు కూడా ఆగుతున్నాయి అంటున్నారు కాబట్టి నాకైతే ఎర్త్, కనెక్టర్ల మీదే అనుమానం. ఇంజిన్ ఆఫ్‌లో బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర, స్టార్ట్ చేశాక 13.8 నుంచి 14.5 మధ్య చూపించాలి. సెల్ఫ్ కొడుతున్నప్పుడు బ్యాటరీ నెగటివ్‌కీ ఇంజిన్ బ్లాక్‌కీ మధ్య మీటర్ పెడితే పాయింట్ రెండు వోల్టులకి అటూఇటుగా ఉండాలి, అర వోల్టు దాటిందంటే ఎర్త్ తినేసిందని అర్థం. ఈ అంకెలు, తేదీ, కిలోమీటర్ రీడింగ్, ఛాసిస్ నంబర్ వేసి సంతకం పెట్టించుకోండి, కొలిచేటప్పుడు ఫోన్‌లో వీడియో తీయండి. ఇప్పటిదాకా ఎప్పుడెప్పుడు ఎక్కడ ఆగిందో, ఏ లైట్లు వెలిగాయో, ఎంతసేపటికి స్టార్ట్ అయిందో గుర్తున్నంతవరకు తేదీలతో ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి.

ఇప్పుడు అసలు సంగతి. మీరు పంపిన ఆర్‌సీ కాపీలో పాత ఓనర్ అడ్రస్ విజయవాడ అజిత్‌సింగ్‌నగర్ అని ఉంది. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వరదకి సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్లలో ఉంది, అక్కడ ఎన్ని కార్లు మునిగాయో మనందరం చూశాం. మీరు కొన్నది ఆర్నెల్ల తర్వాత. అడ్రస్ ఒక్కటే రుజువు అయిపోదు, ఆ వీధుల్లో మునగని బండ్లూ ఉన్నాయి. కానీ మునిగిన బండి లక్షణం ఇదే: కడిగి ఆరబెట్టి అమ్మినప్పుడు చక్కగా నడుస్తుంది, కనెక్టర్ల లోపల తుప్పు నెమ్మదిగా తింటూ నెలల తర్వాత ఒక్కోటీ వదిలేస్తుంది. సీటు బెల్టు పూర్తిగా చివరిదాకా లాగి చూడండి, లోపలి భాగంలో బురద చార కనపడుద్దేమో. కార్పెట్ ఎత్తి కింద స్పాంజ్ చూడండి, స్టెప్నీ గుంట చూడండి. డాష్‌బోర్డు కింద కనెక్టర్ ఊడదీస్తే పిన్నుల మీద పచ్చగా పొడి ఉందేమో ఆ ఎలక్ట్రీషియన్ చేతే, వీడియో తీస్తూ, చూపించండి. పాత ఓనర్ ఇన్సూరెన్స్ పాలసీలు రెండేళ్లవీ సంపాదించండి, ఒక ఏడాది నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) ఉండి మరుసటి ఏడాది సున్నా అయిందంటే మధ్యలో ఓన్ డ్యామేజ్ క్లెయిమ్, అంటే సొంత బండి పాడైనందుకు చేసే క్లెయిమ్, అయి ఉండే అవకాశం ఎక్కువ. మీకు ఇవ్వకపోతే దిగులు లేదు, ఇన్సూరెన్స్ కంపెనీ నుంచీ సర్వీస్ సెంటర్ నుంచీ రికార్డులు తెప్పించే అధికారం కన్జ్యూమర్ కమిషన్‌కి (వినియోగదారుల కోర్టుకి) ఉంది.

వరద బండి అని తేలితే కేసు రూపమే మారిపోద్ది. పన్నెండేళ్ల బండిలో ఒక సెన్సర్ పోయిందంటే అది అరుగుదల, దానికి ఏ కమిషనూ బండి డబ్బులు మొత్తం వాపస్ ఇప్పించదు, మహా అయితే రిపేర్ ఖర్చు వస్తుంది, అదీ గ్యారంటీ లేదు, ఉన్నమాట చెప్తున్నా. మునిగిందని తెలిసీ దాచి అమ్మితే అది కాంట్రాక్ట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం మోసం, కన్జ్యూమర్ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. అప్పుడు బండి తీసుకుని డబ్బు తిరిగి ఇమ్మని, రిపేర్ ఖర్చులూ నష్టపరిహారమూ కలిపి అడగొచ్చు. స్టాంప్ పేపర్ మీద సంతకం గురించి మరీ భయపడకండి, ఉన్నది ఉన్నట్టు అనే మాట కనపడే లోపాలకి వర్తిస్తుంది గానీ దాచిపెట్టిన మోసానికి రక్షణ కాదు. "టెస్ట్ డ్రైవ్ చేసుకున్నాడు, మెకానిక్‌ని కూడా తెచ్చుకున్నాడు" అంటారు, అంటారులెండి. పరీక్షించినా బయటపడని లోపానికి ఆ వాదన చెల్లదని వస్తు విక్రయ చట్టం 16వ సెక్షన్‌లోనే ఉంది. మెకానిక్ దగ్గర ఆగకుండా మిమ్మల్ని ఇన్నాళ్లు ఏడిపించిన ఆ గుణమే ఇక్కడ మీకు పనికొస్తుంది, పది నిమిషాల టెస్ట్ డ్రైవ్‌లో అది దొరకదు కదా.

డీలర్ ఇంకో ఎత్తు కూడా వేస్తాడు. ఆర్‌సీ పాత ఓనర్ పేరు మీద నుంచి నేరుగా మీ పేరు మీదకి వచ్చింది కాబట్టి "నేను మధ్యవర్తిని మాత్రమే, అమ్మింది వాళ్లు" అంటాడు. మీరు ఫోన్‌పేలో డబ్బు ఎవరి అకౌంట్‌కి వేశారో ఆ స్టేట్‌మెంట్, వాట్సాప్‌లో "అన్నా, సింగిల్ ఓనర్, షోరూమ్ కండిషన్" అని పెట్టిన మెసేజీలు, యాడ్ స్క్రీన్‌షాట్ ఇవే సమాధానం. ఫోన్ మార్చకండి, చాట్ డిలీట్ చేయకండి. బిల్లు ఇవ్వలేదన్నారు, బిల్లు ఇవ్వకపోవడం కూడా అనుచిత వ్యాపార పద్ధతి కిందకే వస్తుంది. పాత ఓనర్‌ని రెండో ప్రతివాదిగా పెట్టండి. ఆయన డీలర్‌కి "మునిగిన బండి" అని చెప్పే అమ్మి ఉంటే కమిషన్ ముందు ఆ మాట ఆయనే చెప్పి బయటపడతాడు, అది మీకు పెద్ద బలం.

మెకానిక్ మీద మాత్రం వేయొద్దు. మీ కోపం నాకు అర్థమైంది, పరీక్ష చేయకుండా ఊహతో పార్టులు మార్చడం సేవా లోపమే, వేయాలంటే వేయొచ్చు. కానీ ఆయన ప్రతివాది అయితే తనని కాపాడుకోడానికి డీలర్ పాటే పాడతాడు. సాక్షి అయితే "బండి నా దగ్గరికి వచ్చేసరికే కనెక్టర్లు తుప్పు పట్టి ఉన్నాయి" అని అఫిడవిట్ ఇస్తాడు. వెళ్లి మర్యాదగా మాట్లాడండి.

కేసు విజయవాడలో వేయక్కర్లేదు, 2019 చట్టం ప్రకారం మీరు ఉండే చోటే, గుంటూరు జిల్లా కమిషన్‌లోనే వేసుకోవచ్చు. 5 లక్షల లోపు చెల్లించిన కొనుగోలుకి ఫీజు లేదు, లాయర్ లేకుండా మీరే వాదించుకోవచ్చు కూడా. గడువు రెండేళ్లు. లోపం తెలిసిన రోజు నుంచి లెక్కపెట్టమని వాదించొచ్చు గానీ ఆ వాదన మీద ఆధారపడకండి, కొన్న తేదీ నుంచే లెక్కేసుకుని 2027 మార్చి లోపు వేసేయండి. ఈలోపు డీలర్‌కి స్పీడ్ పోస్టులో, అందినట్టు రుజువు వచ్చేలా నోటీసు పంపి 15 రోజులు టైమ్ ఇవ్వండి, 1915కి ఫోన్ చేసి నేషనల్ కన్జ్యూమర్ హెల్ప్‌లైన్‌లో కంప్లైంట్ నంబర్ కూడా తీసుకోండి, కొంతమంది డీలర్లు అక్కడే సెటిల్‌మెంట్‌కి వస్తారు. పిటిషన్‌తో పాటే బండిని నిపుణుడి చేత తనిఖీ చేయించమని వేరే అప్లికేషన్ పెట్టండి. మీ ఎలక్ట్రీషియన్ రిపోర్ట్‌ని "మీ మనిషే కదా" అనొచ్చు, కమిషన్ వేసిన నిపుణుడి రిపోర్ట్‌ని అలా కొట్టేయడం కష్టం.

పోలీస్ కంప్లైంట్ ఇప్పుడే వద్దు. చీటింగ్ కింద వెళ్లొచ్చు గానీ అమ్మేనాటికే మోసం చేసే ఉద్దేశం ఉందని చూపించాలి, ఆధారం లేకుండా వెళ్తే "ఇది సివిల్ మేటర్, కోర్టుకి వెళ్లండి" అని పంపేస్తారు. ఇన్సూరెన్స్ క్లెయిమ్ కాగితం చేతికొచ్చాక ఆ సంగతి మాట్లాడుకుందాం. ముందు సీటు బెల్టు లాగి చూసి ఏం కనపడిందో ఫోటోతో రాయండి.