‘రయట్’ ఆల్బమ్ మీద నీ వ్యాసం చదివాక

తమ్ముడూ,

నీ వ్యాసం అందింది. స్లై అండ్ ద ఫ్యామిలీ స్టోన్ బ్యాండు 1971లో తెచ్చిన ‘దేర్స్ ఎ రయట్ గోయిన్ ఆన్’ (అల్లర్లు జరుగుతున్నాయి అని) ఆల్బమ్ మీద తెలుగులో రాయాలని నీకు అనిపించడమే నాకు ముచ్చటేసింది. అమెరికా నల్లవాళ్ళ ఫంక్, సోల్ సంగీతం అనగానే మనవాళ్ళలో చాలామంది జేమ్స్ బ్రౌన్ పేరు చెప్పి ఆగిపోతారు.

ఇక అసలు సంగతి. మొదటి రెండు పేజీల నిండా బ్యాండు నాయకుడు స్లై స్టోన్ మత్తుమందులు, బ్యాండులో గొడవలు, ఎగ్గొట్టిన కచేరీలే. 2025 జూన్‌లో ఆయన పోయినప్పుడు వచ్చిన నివాళుల్లోంచి దిగినట్టున్నాయి. మూడో పేజీకి గానీ పాట మొదలవలేదు. మొదలయ్యాక ‘మైమరపించే’, ‘అద్భుతమైన’, ‘అజరామరమైన’. ఈ మూడూ తీసేసి చూడు, పేరాలో ఏమీ మిగలదు. ఘంటసాల భగవద్గీతకు కూడా అవే మాటలు రాసుకోవచ్చు కదా!

హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఆల్బమ్‌లోని ‘ఫ్యామిలీ అఫైర్’ మళ్ళీ విను. డ్రమ్స్ మోగాల్సిన చోట టిక్కు టిక్కుమని ఒక పెట్టె కొట్టుకుంటూ ఉంటుంది. అది మేస్ట్రో రిథమ్ కింగ్ అనే డ్రమ్ మెషీన్. డ్రమ్మర్ గ్రెగ్ ఎరికో ఆ ఏడాదే బ్యాండు వదిలి వెళ్ళిపోయాడు. స్లై గొంతు చూడు, ఎవరినీ మెప్పించాలన్న తొందర లేకుండా కింది స్థాయిలో గొణుగుతూ ఉంటుంది. పల్లవి దగ్గర చెల్లెలు రోజ్ అందుకుంటుంది. ఎలక్ట్రిక్ పియానో బిల్లీ ప్రెస్టన్‌ది, గిటార్ బాబీ వోమాక్‌ది, ఇద్దరూ బయటివాళ్ళే. పాట కుటుంబం గురించి, బ్యాండు పేరులో కుటుంబం ఉంది, వాయిస్తున్న చోట మాత్రం ఆ కుటుంబం దాదాపుగా లేదు. గొడవల సంగతి ఇక్కడ రెండు వాక్యాల్లో చెప్పు. ఈ పాటే అమెరికాలో నంబర్ వన్ అయిందని కూడా ఇక్కడే చెప్పు.

పాటల వెనక సన్నగా ఒక బుస వినిపిస్తుంది. దాన్ని నువ్వు ‘రికార్డింగ్ నాణ్యత కొంచెం తక్కువ’ అని దాటేశావు. నన్నడిగితే ఆల్బమ్ అంతా అక్కడే ఉంది. లాస్ ఏంజెలస్‌లో బెల్ ఎయిర్‌లోని ఇంట్లో స్లై ఒక్కడే గంటలకొద్దీ కూర్చుని వాయించి, చెరిపి, అదే టేపు మీద మళ్ళీ మళ్ళీ రికార్డు చేశాడు. టేపు అరిగింది, శబ్దం మసకబారింది. 1969లో వచ్చిన వాళ్ళ ఆల్బమ్ ‘స్టాండ్!’ పక్కన పెట్టి విను. అందులో సింథియా రాబిన్సన్ ట్రంపెట్ గది నిండా మోగుతుంది, ఒకరి గొంతు ఆగేలోపు ఇంకొకరు అందుకుంటారు. నల్లవాళ్ళు, తెల్లవాళ్ళు, ఆడా మగా కలిసి ఒకే బ్యాండుగా వాయించడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు. రెండేళ్ళు తిరిగేసరికి ఆ సందడి ఎటు పోయిందో ఆ బుస చెప్తుంది.

ఇంకో పని చెయ్యి. 1970 నాటి హిట్ ‘థాంక్యూ’నే ఆల్బమ్ చివర్లో పేరు కొంచెం మార్చి, ఏడు నిమిషాలకు పైగా సాగదీశారు. మాటలు దాదాపు అవే. మొదటి దాంట్లో బ్యాండు బేస్ గిటారిస్టు లారీ గ్రాహం బొటనవేలితో బేస్ తీగల్ని కొట్టే దెబ్బకు కాలు దానంతటదే ఆడుతుంది. రెండో దాంట్లో నడక బరువెక్కింది. రెండూ వెంటవెంటనే విని, ఏం మారిందో రాయి. ఫంక్ అంటే ఏమిటో చెప్పడానికి కూడా అదే చోటు. తాళంలో సమం మీద, అంటే ఆవర్తంలో మొదటి దెబ్బ మీద బరువేసి, మిగతా వాద్యాలు దాని చుట్టూ ఖాళీలు వదులుతూ వాయిస్తాయని చెప్తే మనవాళ్ళకు ఇట్టే పట్టుబడుతుంది.

ఆల్బమ్ పేరున్న పాట నిడివి 0:00 అని అట్ట మీద వేశారు, పాటే లేదు. దాని మీద నువ్వు ‘అమెరికా ఆత్మ మౌనం’ అంటూ పేరా అల్లావు. అంత టెన్షన్ ఎందుకు? అల్లర్లే ఉండకూడదనుకున్నాను, అందుకే సున్నా అని స్లై తర్వాతెప్పుడో చెప్పాడు. ఒక్క వాక్యంతో వదిలెయ్. కవర్ మీద అమెరికా జెండాలో నీలం బదులు నలుపు, నక్షత్రాల బదులు సూర్యుళ్ళు అని రాసిన ముక్క బాగుంది, దాన్ని ముట్టుకోకు.

మొదటి రెండు పేజీలు కొట్టేసి, ‘ఫ్యామిలీ అఫైర్’తో ఎత్తుకుని తిరగరాయి. నాలుగు పేజీలు దాటనివ్వకు. దసరాకి ఊరెళ్ళేలోపు పంపితే చూసిపెడతాను.

మీ అన్నయ్య