పోస్టరు మీద నీ పూర్తి పేరు

అమ్మడూ,

మన బ్రెజిల్ కంజీర పండేరో సంచిలో పెట్టుకుని సావో పాలో నుంచి న్యూయార్క్ వచ్చేస్తున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. వినగానే ఈల వేశాను. ఆ రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

టూరిస్టు వీసా మీద వచ్చి డబ్బులకు వాయించకు. కళాకారులకు ఓ-1 వీసా ఉంది, దానికి ఇక్కడి ఏజెంటో పనిచ్చేవాళ్లో దరఖాస్తు పెట్టాలి. కచేరీ కరపత్రాలు, పేపర్ కటింగులు పారేయకు. మేకతోలు పండేరోతో పాటు నైలాన్‌ది కూడా తెచ్చుకో. చలికాలం హీటర్ గాలికి తోలు ఎండి బిగుసుకుపోతుంది. వాయించాక మరలు వదులు చెయ్యకపోతే ఏదో ఒక పొద్దున పగిలి కనిపిస్తుంది. గలగలమని ఊపే కషిషీ బుట్టలో గింజలున్నాయని కస్టమ్స్‌వాళ్లు అడగకముందే చెప్పు.

మన ఐర్తో మొరేరా అమెరికా జాజ్ ట్రంపెటర్ మైల్స్ డేవిస్ బృందంలో వాయించాక, మన రెసీఫె ఊరి నానా వాస్కొన్సెలోస్ ఒంటితీగ విల్లు వాయిద్యం బెరింబావు పట్టుకుని ఈ ఊళ్లో తిరిగాక, ఇక్కడ మన దరువులకు చెవులు అలవాటుపడ్డాయి. నీ వాయింపు గురించి నాకు టెన్షన్ లేదు. నీ ఇంటిపేరు గురించే.

1986లో మన్‌హట్టన్‌లో ఒక క్లబ్బాయన నన్ను శనివారాలకు పెట్టుకున్నాడు. పోస్టరు రాస్తూ నా పేరు చూసి, నా మొహం చూసి, "ఇది వేస్తే జనం సుషీ కోసం వస్తారయ్యా" అన్నాడు. నేనూ నవ్వాను. నవ్వి, చివరి పేరు, అంటే మీ తాత జపాన్ ఇంటిపేరు, కొట్టేయమన్నాను. మా అమ్మ వైపు పేరుతోనే పోస్టరు వచ్చింది, తర్వాత నా మొదటి క్యాసెట్టూ వచ్చింది. ఒకటి ఇంటికి పంపాను. లాండ్రీలో ఇస్త్రీ చేసుకుంటూనే మీ తాత విన్నాడట. నాకు ఉత్తరం రాశాడు: "ఎవరో గానీ చక్కగా వాయించాడు."

ఆ ఒక్క ముక్కే. కింద సంతకం పెట్టి, ఇంటిపేరు కింద రెండు గీతలు గీశాడు.

మీ ముత్తాత 1908లో 781 మందితో బ్రెజిల్‌లో శాంటోస్ రేవు చేరిన మొదటి జపాన్ ఓడ కసాతో మారులో వచ్చాడని మన ఇంట్లో గొప్పలు చెప్పుకుంటారు. అబద్ధం. ఆయన తర్వాతి ఓడల్లో దేన్లోనో వచ్చి కాఫీ తోటల్లో పడ్డాడు. మీ అమ్మమ్మది బ్రెజిల్‌లోనే బయియా. ఆవిడ వంటింటి బల్ల మీద తట్టి నేర్పిన దరువులే ఈ చేతుల్లో ఉన్నాయి. కానీ ఆవిడ ఇంటిపేరు, 1888లో బానిసత్వం రద్దయ్యేదాకా వాళ్లవాళ్లను కొని వాడుకున్న తోట యజమానిది. నేను ఉంచుకున్నది అది. కొట్టేసింది, తనంతట తాను సముద్రం దాటి వచ్చినవాడిది. ఇది తట్టడానికి నాకు పదేళ్లు పట్టింది. అప్పటికి మీ తాత లేడు.

నిన్న ఇన్‌స్టాగ్రామ్‌లో నీ పేజీ చూశాను. మీ అమ్మ వైపు పేరు, అదే ఆ జపాన్ పేరు, మధ్యలోంచి ఎగిరిపోయింది. పొట్టిగా ఉంటే బాగుంటుందనా? ఎవరు చెప్పారే నీకు? కోప్పడుతున్నాననుకోకు తల్లీ, కోప్పడుతున్నాను.

ఇక్కడ పోస్టరు అచ్చుకు వెళ్లేముందు నాకు చూపించు. చేతి తొడుగులు కొనకు, నా దగ్గర రెండు జతలున్నాయి. విమానం ఏ రోజో చెబితే న్యూవార్క్ ఎయిర్‌పోర్టుకు వస్తాను. ఆ ఊళ్లోనే ఐరన్‌బౌండ్ పేటలో మా వీధి చివరే మన చీజ్ రొట్టె పాన్ డి కేజు వేడిగా దొరుకుతుంది, ఆకలితో దిగు.

మావయ్య