బొటనవేలు నొప్పితో డోటా ఆడాలంటే ఏ మౌస్ కొనాలి? నా అనుభవం

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. పగలంతా కంప్యూటర్ మీద ఉద్యోగం, రాత్రి రెండు గంటలు డోటా 2 (మాయాశక్తులున్న హీరోలతో ఆడే కంప్యూటర్ ఆట), అప్పుడప్పుడు కౌంటర్ స్ట్రైక్ (తుపాకీ గురిపెట్టి కాల్చే ఆట). కొన్ని నెలలుగా కుడి బొటనవేలి మొదట్లో, మణికట్టు పక్కన నొప్పి. ట్రాక్‌బాల్ (పైనున్న బంతిని తిప్పితే పాయింటర్ కదిలే మౌస్), నిలువు మౌస్, కాలి పెడల్ లాంటివాటిలో ఏది కొంటే ఆట మానకుండా ఉండొచ్చు, వాటివల్ల అకౌంట్ బ్యాన్ అవుతుందా, ఆట తీరు పడిపోతుందా అని అడిగారు.

నాకు 2021లో ఇదే చోట, ఇదే నొప్పి వచ్చింది. అప్పుడు నేను చేసిన తప్పు మీరు చేయకూడదని కొంచెం వివరంగా రాస్తున్నాను.

మొదట తెలిసింది ఆటలో కాదు. పొద్దున టీ గ్లాసు ఎత్తుతుంటే బొటనవేలి కింద, మణికట్టు దగ్గర సూది దిగినట్టు అనిపించింది. తర్వాత తడి తువ్వాలు పిండటం కష్టమైంది. నెట్‌లో వెతికితే అందరూ ట్రాక్‌బాల్ కొనుక్కోమన్నారు. మౌస్‌ని కదపక్కర్లేదు, చెయ్యి కదలకుండా బొటనవేలితో బంతి తిప్పితే చాలు, మణికట్టుకి విశ్రాంతి దొరుకుతుంది అని. వినడానికి బాగుంది. కొన్నాను. పది రోజులకి నొప్పి రెట్టింపైంది.

అప్పుడు వెళ్లాను ఫిజియోథెరపిస్ట్ దగ్గరికి. ఆవిడ బొటనవేలిని అరచేతిలోకి మడిచి, మిగతా నాలుగు వేళ్లతో దాన్ని మూసి, ఆ పిడికిలిని చిటికెనవేలి వైపు వంచమన్నారు. వంచగానే అరిచాను. దీన్ని డీ క్వెర్వెయిన్ అంటారని చెప్పారు. 1895లో దీని గురించి రాసిన స్విట్జర్లాండ్ సర్జన్ పేరది. బొటనవేలిని పక్కకి లాగే రెండు స్నాయువులు మణికట్టు దగ్గర ఒక ఇరుకైన తొడుగులోంచి వెళ్తాయి. ఆ చోటు వాచిపోతే వేలు కదిలినప్పుడల్లా ఒరుసుకుంటుంది. ఏ మౌస్ వాడుతున్నారని అడిగితే ఫోన్‌లో ఫోటో చూపించాను. "నొప్పి ఉన్న వేలికే రోజంతా డ్యూటీ వేశారు కదండీ" అన్నారు.

ఆ ఒక్క మాటతో నా ఆలోచన మారింది. ఏ పరికరం మంచిది అని కాకుండా, ఏ కదలికకి నొప్పి వస్తోంది, ఆ కదలికను శరీరంలో ఇంకెక్కడికి మార్చగలను అని అడగాలి. మీరు ఒక రోజు మామూలుగా ఆడుతూ గమనించండి. నొప్పి బొటనవేలి పక్కనే అయితే బొటనవేలితో తిప్పే ట్రాక్‌బాల్ వద్దు. లాజిటెక్ ఎం575, ఎంఎక్స్ ఎర్గో రెండూ ఆ రకమే, పైగా రెండూ కుడిచేతికి మాత్రమే. బొటనవేలి కింద పన్నెండు బటన్లుండే రేజర్ నాగా లాంటి మౌస్‌లూ మీకు పనికిరావు. అవి చెడ్డవని కాదు, వేరేవాళ్లకి అవే బాగా పనికొస్తాయి.

మణికట్టును అటూ ఇటూ విసిరినప్పుడు నొప్పైతే ముందు డబ్బు ఖర్చు పెట్టకండి. సెన్సిటివిటీ (మౌస్ కదిపితే పాయింటర్ ఎంత దూరం వెళ్లాలన్న సెట్టింగు) సగానికి తగ్గించి, పెద్ద మౌస్‌ప్యాడ్ వేసుకుని, మోచేయి నుంచి చెయ్యంతా కదిపి గురిపెట్టడం అలవాటు చేసుకోండి. అరచెయ్యి బల్లకి బోర్లా పెట్టి ఉంచడం వల్ల ముంజేయి పీకుతుంటే నిలువు మౌస్ మేలు చేస్తుంది, షేక్‌హ్యాండ్ ఇచ్చినట్టు పట్టుకుంటాం కాబట్టి. కానీ దాంతో క్లిక్ చేస్తే వేలు పక్కకి నొక్కుతుంది, గట్టిగా నొక్కితే మౌస్ కూడా కాస్త జరుగుతుంది. ఆఫీసు పనికి ఫరవాలేదు, కౌంటర్ స్ట్రైక్‌లో తల మీద గురిపెట్టినప్పుడు తెలిసిపోతుంది.

వేళ్లు తిమ్మిరెక్కడం, రాత్రి నిద్రలో చెయ్యి మొద్దుబారడం, పట్టు తగ్గడం ఉంటే ఇవేవీ కాదు, ముందు డాక్టర్‌ని కలవండి. అది నరానికి సంబంధించింది కావచ్చు. మౌస్ మారిస్తే సరిపోతుందని రోజులు గడపొద్దు.

ఇక నేను చేసుకున్న ఏర్పాటు. నాకు అన్నిటికంటే ఎక్కువ మేలు చేసింది ఆటలో మార్పు కాదు, ఆఫీసులో మార్పు. రాత్రి రెండు గంటల ఆటని తిట్టుకుంటాం గానీ, అదే చెయ్యి పగలు ఎనిమిది గంటలు మౌస్ పట్టుకుంటోంది. అందుకే ఆఫీసులో మౌస్‌ని ఎడమచేతికి మార్చాను. విండోస్ సెట్టింగ్స్‌లో ప్రైమరీ బటన్ కుడివైపుకి మారిస్తే క్లిక్ చూపుడువేలి కిందే వస్తుంది. మొదటి వారం చిన్న ఫైల్ లాగడానికి కూడా చిరాకొచ్చింది. మూడో వారానికి అలవాటైంది. కుడిచేతికి పగలంతా సెలవు దొరికాక రాత్రి ఆటకి ఓపిక మిగిలింది.

డోటాకి వేళ్లతో తిప్పే పెద్ద ట్రాక్‌బాల్ కొన్నాను. కెన్సింగ్టన్ ఎక్స్‌పర్ట్ మౌస్, బంతి 55 మిల్లీమీటర్లు, చుట్టూ స్క్రోల్ చేయడానికి రింగు, నాలుగు మూలలా నాలుగు బటన్లు. రెండువైపులా ఒకేలా ఉంటుంది కాబట్టి ఏ చేత్తోనైనా వాడొచ్చు. చూపుడువేలు, మధ్యవేలు బంతి మీద ఉంటాయి. మామూలుగా పెడితే ఎడమ క్లిక్ బొటనవేలి కిందకి వస్తుంది. అదే మళ్లీ అసలు సమస్య. అందుకని క్లిక్‌లు రెండూ ఉంగరంవేలివైపు బటన్లకి మార్చుకున్నాను. చేతికి అలవాటు కావడానికి నెల పట్టింది.

ఒక చిన్న సంగతి, ఎవరూ ముందు చెప్పరు. బంతి రెండు వారాలకొకసారి బరువెక్కినట్టు, ఆగి ఆగి తిరుగుతున్నట్టు అనిపిస్తుంది. పరికరం పాడైపోయిందనుకున్నాను. బంతి తీసి చూస్తే, లోపల బంతిని మోసే మూడు చిన్న గుండ్ల చుట్టూ బూడిదరంగు నూగు పేరుకుని ఉంది. అగ్గిపుల్లతో గీకేసి, బంతిని ఒకసారి నుదుటి మీద రుద్ది పెడితే ఆ కాస్త జిడ్డుకే మళ్లీ నున్నగా తిరుగుతుంది. ట్రాక్‌బాల్ వాడేవాళ్లలో చాలామంది ఇదే చేస్తారు.

డోటాలో రెండు సెట్టింగులు తప్పకుండా మార్చండి. క్విక్ కాస్ట్ పెట్టుకుంటే కీ నొక్కగానే పాయింటర్ ఉన్నచోటే స్పెల్ పడుతుంది, అంటే శత్రువు మీద వేసే ప్రతి స్పెల్‌కీ ఒక ఎడమ క్లిక్ తగ్గుతుంది. ఆటో రిపీట్ రైట్ మౌస్ ఆన్ చేస్తే కుడి బటన్ నొక్కిపట్టుకుని పాయింటర్ కదిపితే చాలు, హీరో అటే నడుస్తూ ఉంటాడు. మనం అలవాటుకొద్దీ అడుగడుక్కీ నాలుగేసి సార్లు క్లిక్ చేస్తుంటాం. ఒక మ్యాచ్‌లో అవన్నీ తగ్గితే వేలికి ఎంత హాయో మీకే తెలుస్తుంది.

కౌంటర్ స్ట్రైక్‌కి మాత్రం ట్రాక్‌బాల్ నాకు కుదరలేదు. ఆడేవాళ్లున్నారు, నా వల్ల కాలేదు. దానికి తేలికైన మౌస్ వాడుతున్నాను. పాత మౌస్ 120 గ్రాములు, ఇది 63. వారానికి రెండు రోజులు, రోజుకి ఒక్క మ్యాచ్.

కాలి పెడల్ గురించి అడిగారు. యూఎస్‌బీ పెడల్‌ని కంప్యూటర్ ఒక కీబోర్డులాగే చూస్తుంది. మాట్లాడేటప్పుడు నొక్కిపట్టే మైక్ బటన్ లాంటివి కాలికి ఇచ్చేయడం చాలా సుఖం. నేను మొదట పాదమంతా ఎత్తి ఎత్తి నొక్కేవాణ్ణి, అరగంటకే పిక్క పట్టేసేది. మా అమ్మ ఊరినుంచి వచ్చినప్పుడు చూసి, "మడమ నేలకి ఆనించరా, ముందు పాదంతోనే నొక్కు" అంది. ముప్ఫై ఏళ్లు మోటారు కుట్టుమిషన్ తొక్కిన మనిషి. అంతే, నొప్పి పోయింది. పెడల్ జారకుండా కింద రబ్బరు మ్యాట్ వేసుకోండి, పాదం బరువు ఊరికే ఆనించినంత మాత్రాన నొక్కుకోనంత గట్టి స్ప్రింగ్ ఉన్నది చూసుకోండి.

పెడల్ అసలు విలువ నాకు మా పిన్ని కొడుకు వల్ల తెలిసింది. బైక్ ప్రమాదంలో వాడి కుడి భుజం దగ్గర నరాలు తెగిపోయాయి. చెయ్యి ఉంది గానీ వేళ్లు పనిచేయవు, భుజంతో మోచేతిని కొద్దిగా ముందుకి తోయగలడు. ప్రమాదానికి ముందు స్నేహితులతో రోజూ రాకెట్ లీగ్ ఆడేవాడు. కార్లతో ఫుట్‌బాల్ ఆడే ఆట అది, 2020 నుంచి ఉచితం. దాన్లో మామూలుగా ఎడమచెయ్యి కీబోర్డు మీద కారు నడుపుతుంది, కుడిచేతిలోని మౌస్ బటన్లతో బూస్ట్, జంప్. వాడు ఏడాది పాటు దాన్ని తెరవలేదు.

ఒక ఆదివారం ఇద్దరం కూర్చున్నాం. కోఠి గుజరాతీ గల్లీలో ప్రో మైక్రో అనే చిన్న ప్రోగ్రామబుల్ బోర్డు ఒకటి, పెద్ద పుష్ బటన్లు, రెండు ఫుట్ స్విచ్‌లు కొనుక్కొచ్చాను. ఆ బోర్డు మీద ఉండే ఏటీమెగా32యూ4 చిప్ నేరుగా కీబోర్డులా నటించగలదు. ప్రతి స్విచ్‌కీ రెండు తీగలు, ఒకటి పిన్‌కి, ఇంకోటి గ్రౌండ్‌కి. ప్రోగ్రామ్ ముప్ఫై లైన్లు దాటలేదు. వస్తువులన్నీ కలిపి వెయ్యి రూపాయల లోపే.

బటన్లు ఎక్కడ పెట్టాలన్నదే అసలు పని. బల్ల మీద కాగితం పరిచి, వాడి మోచెయ్యి ఎంతవరకు వెళ్తుందో పెన్సిల్‌తో గీశాం. కొద్ది మేర ఒక వంపు వచ్చింది. అందులోనే జంప్ బటన్. "యాక్సిలరేటర్ కాలి కిందే పెట్టన్నయ్యా, కారు కదా" అన్నాడు. కుడికాలికి యాక్సిలరేటర్, ఎడమకాలికి బూస్ట్. ఎడమచేతికి స్టీరింగ్, డ్రిఫ్ట్. మొదటి మ్యాచ్‌లో ఒక్కసారి జంప్ నొక్కితే కారు రెండుసార్లు ఎగిరి పల్టీ కొడుతోంది. స్విచ్ లోపలి రేకులు తాకినప్పుడు కొన్ని మిల్లీసెకన్ల పాటు అదురుతాయి, బోర్డు దాన్ని రెండు నొక్కులుగా లెక్కేస్తోంది. ప్రోగ్రామ్‌లో చిన్న ఆలస్యం పెడితే సర్దుకుంది. ఆ రాత్రి వాడు హెడ్‌సెట్ పెట్టుకుని పాత స్నేహితుల్ని పిలిచి, ఒంటిగంట దాకా ఆడాడు. పిన్ని గుమ్మం దగ్గర నిలబడి చూసింది, పడుకోమని కేకలేయలేదు.

తయారుగా దొరికేవీ ఉన్నాయి. మైక్రోసాఫ్ట్ 2018లో ఎక్స్‌బాక్స్ అడాప్టివ్ కంట్రోలర్ తెచ్చింది. రెండు పెద్ద బటన్లు, వెనక 19 చిన్న జాక్‌లు, ఒక్కో జాక్‌కి మనకి వీలైన స్విచ్‌ని తగిలించుకోవచ్చు. విండోస్ కంప్యూటర్‌తోనూ పనిచేస్తుంది. సోనీ 2023 డిసెంబర్‌లో ప్లేస్టేషన్ 5 కోసం యాక్సెస్ కంట్రోలర్ తెచ్చింది. మెడ కింద కదలిక లేనివాళ్లకి క్వాడ్‌స్టిక్ అని నోటితో నడిపే జాయ్‌స్టిక్ ఉంది, గొట్టంలోకి ఊదినా, పీల్చినా బటన్ నొక్కినట్టే. అమెరికాలో ఏబుల్‌గేమర్స్, బ్రిటన్‌లో స్పెషల్ ఎఫెక్ట్ అనే సంస్థలు ఈ పని మీదే ఏళ్లుగా ఉన్నాయి. ఇలాంటి అవసరం ఉన్నవాళ్లు మీ ఇంట్లో ఉంటే వాళ్లు నెట్‌లో పెట్టిన సమాచారం చదవండి, చాలా పనికొస్తుంది.

బ్యాన్ టెన్షన్ గురించి. ట్రాక్‌బాల్‌ని ఆట మౌస్‌గానే చూస్తుంది, పెడల్‌ని కీబోర్డుగానే చూస్తుంది. వాటివల్ల ఇన్నేళ్లలో నాకు ఏ ఇబ్బందీ రాలేదు. నేను పాటించే కొలత ఒకటే, ఒక నొక్కుకి ఒక పని. ఒక్క నొక్కుతో మూడు స్పెల్‌లు వరసగా పడేలా మ్యాక్రో పెట్టడం, క్లిక్‌లు దానంతటదే పడేలా చేయడం మాత్రం వద్దు. కౌంటర్ స్ట్రైక్ 2లో ఆ ఆట తయారుచేసే వాల్వ్ కంపెనీ 2024 ఆగస్టులో దీనిమీద గట్టిగానే వచ్చింది. ఒకే కీకి రెండు మూడు కదలికలు కలిపి కట్టే బైండ్‌లు అధికారిక సర్వర్లలో పనిచేయడం మానేశాయి. రెండు వ్యతిరేక దిశల కీలు కలిపి నొక్కినప్పుడు కీబోర్డే ఒకదాన్ని మన తరఫున వదిలేసే ఫీచర్లు, రేజర్ స్నాప్ ట్యాప్ లాంటివి, వాడుతున్నట్టు తేలితే మ్యాచ్‌లోంచి పంపేస్తారు. నొప్పి తగ్గించుకోవడానికే పెట్టుకున్నా సర్వర్‌కి ఆ తేడా తెలియదు. కీలు మార్చుకోవాలంటే ఆట సెట్టింగుల్లోనే మార్చుకోండి. వెనక స్క్రిప్టులు నడిపే సాఫ్ట్‌వేర్‌ని మోసాలు పట్టే కొన్ని యాంటీ చీట్ ప్రోగ్రామ్‌లు అనుమానంగా చూస్తాయి.

ఇంకోటి, కౌంటర్ స్ట్రైక్‌లో షిఫ్ట్ ఐదుసార్లు నొక్కితే విండోస్ స్టిక్కీ కీస్ డబ్బా తెరమీదకి వస్తుంది. షిఫ్ట్, కంట్రోల్ లాంటి కీని నొక్కి వదిలేసినా నొక్కిపట్టినట్టే లెక్కేసే సదుపాయం అది. ఒంటిచేత్తో కీబోర్డు వాడేవాళ్లకి చాలా ఉపయోగం, మీకు అక్కర్లేకపోతే ఆ షార్ట్‌కట్ ఒక్కటీ ఆపేయండి.

ఆట తీరు పడిపోతుందా? పడుతుంది. నాకు మొదటి రెండు వారాలు ఘోరంగా ఉండేది. పాయింటర్ హీరోని దాటి వెళ్లిపోయేది, లాస్ట్ హిట్లు (బంగారం కోసం శత్రు సైనికుల మీద వేసే ఆఖరి దెబ్బలు) సగం పోయేవి. అందుకని ర్యాంక్ లెక్కలోకి వచ్చే ర్యాంక్‌డ్ మ్యాచ్‌ల జోలికి పోకుండా నెల రోజులు కంప్యూటర్ నడిపే బాట్‌లతో, అన్‌ర్యాంక్‌డ్‌లో ఆడాను. రోజూ పది నిమిషాలు ఒంటరిగా సాధన చేసుకునే డెమో మోడ్‌లో ఊరికే లాస్ట్ హిట్లు కొట్టేవాణ్ణి. మాతో ఆడే స్నేహితులకి విషయం ముందే చెప్పాను, వాళ్లు ఓపిక పట్టారు. మీరూ చెప్పండి. మూడు నెలలకి పాత ర్యాంక్ దగ్గరికి వచ్చాను. నొప్పి పూర్తిగా తగ్గడానికి, ఫిజియో చెప్పిన వ్యాయామాలు, బొటనవేలి పట్టీతో కలిపి, దాదాపు ఐదు నెలలు పట్టింది. ఇప్పుడు టీ గ్లాసు కుడిచేత్తోనే ఎత్తుతున్నాను.